యూదు ద్వేషం లెక్కలు ఎట్లా చదవాలి: ఎవరిని అడిగారు, ఎవరు చెప్పలేదు

ఒక దేశంలో యూదుల మీద ద్వేషం ఎంతుందో తేల్చడానికి మూడు రకాల లెక్కలు వాడుకలో ఉన్నాయి. యూదులు కాని జనాన్ని "యూదుల గురించి మీరేమనుకుంటారు" అని అడగడం మొదటిది. "మీకేం ఎదురైంది, మీకేం అనిపిస్తోంది" అని యూదులనే అడగడం రెండోది. పోలీసు స్టేషన్‌కో, యూదు సంఘాలు నడిపే ఫిర్యాదు కేంద్రానికో చేరిన ఘటనలను లెక్కపెట్టడం మూడోది. మన తెలుగు పత్రికల్లో, వాట్సాప్‌లో తిరిగే వ్యాసాల్లో ఈ మూడూ కలిసిపోయి కనిపిస్తాయి. ఒక వాక్యంలో మొదటి లెక్క, పక్క వాక్యంలో మూడో లెక్క పెట్టి "ఇంత పెరిగింది" అని రాసేస్తారు.

నల్గొండ వాళ్ళకు ఈ తేడా చెప్పడం తేలిక. మర్రిగూడ, మునుగోడు వైపు ఒక బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది ఒక లెక్క. ఆ నీళ్ళు తాగిన మనిషి వెన్ను వంగిందా, మోకాళ్ళు పట్టేశాయా అన్నది ఇంకో లెక్క. ఆసుపత్రి రిజిస్టర్లో ఎందరి పేర్లు ఎక్కాయన్నది మూడోది. రిజిస్టర్ ఖాళీగా ఉందని ఆ ఊళ్ళో రోగం లేదని ఎవరూ అనరు. యూదుల విషయంలో మాత్రం సరిగ్గా అదే పొరపాటు చదువుకున్నవాళ్ళు కూడా చేస్తున్నారు.

మొదటి లెక్క గురించి కొంచెమే చెప్తాను. యూదు ద్వేషాన్ని ఎదిరించే అమెరికా సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్ 2014లో 102 చోట్ల 53,100 మందిని అడిగి ఒక సర్వే విడుదల చేసింది. "వ్యాపారంలో యూదుల పెత్తనం ఎక్కువ" లాంటి 11 వాక్యాలు చదివి వినిపిస్తారు. ఆరు లేక అంతకన్నా ఎక్కువ వాక్యాలకు "నిజమే కావచ్చు" అన్నవాళ్ళను ద్వేషభావం ఉన్నవాళ్ళుగా లెక్కేశారు. ప్రపంచం మొత్తం మీద 26 శాతం వచ్చింది. అన్నిటికన్నా తక్కువ లావోస్‌లో, 0.2 శాతం. ఆ సర్వేలో జవాబిచ్చినవాళ్ళలో 74 శాతం మంది జన్మలో ఒక్క యూదుణ్ణి కూడా కలవనివాళ్ళే. అంటే ఈ లెక్క చెప్పేది నీళ్ళ సంగతి. యూదులు దాదాపు లేని దేశంలో ఆ అంకె ఎంతున్నా, అక్కడ ఏ యూదుడి బతుకు ఎట్లా ఉందో దాన్నుంచి తెలియదు.

యూదులనే అడిగిన సర్వేలు తక్కువ. వాటిలో పెద్దవి వియన్నాలో ఉన్న యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ చేసినవి. 2012లో 8 దేశాల్లో 5,847 మంది, 2018లో 12 దేశాల్లో 16,395 మంది, 2023లో 13 దేశాల్లో 7,992 మంది జవాబిచ్చారు. పదహారేళ్ళు నిండి, తమను తాము యూదులుగా చెప్పుకునే ఎవరైనా ఆన్‌లైన్‌లో నింపవచ్చు. పేరు చెప్పక్కర్లేదు. యూదు సంఘాలు, ప్రార్థనా మందిరాలు, పత్రికలు, సోషల్ మీడియా ద్వారా లింక్ పంపుతారు. నింపినవాళ్ళు తెలిసినవాళ్ళకు పంపొచ్చు.

ఇంటింటికీ తిరిగి ఎందుకు అడగలేదని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంటింటి సర్వేకు ముందు ఒక జాబితా కావాలి. యూదుల జాబితా ఎక్కడా లేదు. ఫ్రాన్స్ జనగణనలో మతం అడగరు. బ్రిటన్‌లో 2001 నుంచి అడుగుతున్నారు కానీ ఇష్టమైతేనే జవాబివ్వాలి. 2021లో ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 2,71,000 మంది యూదులమని రాశారు. జర్మనీలో యూదు సంఘాల సభ్యత్వ లెక్క ఉంది, సభ్యులు కానివాళ్ళు అందులో రారు. జాబితా లేకపోవడానికి వెనక చరిత్ర కూడా ఉంది. 1941లో నాజీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో యూదులంతా ప్రభుత్వం దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. దాదాపు అందరూ చేయించుకున్నారు. సుమారు 1,40,000 మందిలో లక్ష మందికి పైగా హతమయ్యారు, అందుకు ఆ నమోదు పుస్తకాలు పనికొచ్చాయి. అట్లాంటి కుటుంబంలో పుట్టిన మనిషి ఇంటి తలుపు కొట్టి "మీరు యూదులా" అని పెన్ను పట్టుకొని అడిగితే ఏం జవాబు వస్తుంది?

సర్వే పని చేసే మన పాలమూరు పిల్లలకు ఇది కొత్త కాదు. ఊళ్ళో కులవివక్ష ఉందా అని సర్పంచ్ అరుగు మీద కూర్చొని అడిగితే "అసోంటిదేం లేదు సారూ" అనే జవాబే వస్తుంది. ఎవరి ఎదుట అడిగాం, రాసుకున్న కాగితం ఎవరి చేతికి పోతుంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పేరు లేని ఆన్‌లైన్ ఫారం ఆ భయాన్ని తీసేస్తుంది. కానీ ఇంకో లోపం తెస్తుంది. సంఘాల లింక్ ద్వారా వచ్చేవాళ్ళు ఎక్కువగా మందిరానికి పోయేవాళ్ళు, పిల్లల్ని యూదు బడికి పంపేవాళ్ళు, ఈ సమస్య మీద ముందే ఆందోళన ఉన్నవాళ్ళు. మతంతో సంబంధం లేకుండా బతికే యూదులు తక్కువ తగులుతారు. వయసు, స్త్రీపురుషులు, ప్రాంతం, సంఘ సభ్యత్వం వంటివి చూసి తూకం సరిచేస్తారు గానీ పూర్తిగా పోదు. అందుకే 2023 సర్వేలో 96 శాతం మంది అంతకుముందు ఏడాదిలో ఏదో ఒక రూపంలో యూదు ద్వేషం ఎదురైందన్నారు అని ఉంటే, "జవాబిచ్చిన యూదుల్లో 96 శాతం" అని రాయాలి. "యూరప్ యూదుల్లో 96 శాతం" అని రాయకూడదు.

అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రం ఈ చిక్కు తప్పించుకోవడానికి చాలా ఖర్చు పెట్టింది. చిరునామాల జాబితా నుంచి యాదృచ్ఛికంగా ఇళ్ళను ఎంచి, 68 వేలకు పైగా మందికి ముందు చిన్న ఫారం నింపించి, వాళ్ళలో యూదులుగా తేలిన 4,718 మందిని 2019, 2020 సంవత్సరాల్లో పూర్తిగా అడిగింది. నలుగురిలో ముగ్గురు ఐదేళ్ళ కిందటికన్నా యూదు ద్వేషం పెరిగిందన్నారు, 53 శాతం మంది తమకు భద్రత తగ్గినట్టుందన్నారు. ఆ సర్వేకు కొద్దికాలం ముందే, 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ మందిరంలో 11 మందిని కాల్చి చంపారు. అమెరికా చరిత్రలో యూదుల మీద అంత పెద్ద దాడి అంతకుముందు లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ సర్వేల్లో అన్నిటికన్నా విలువైన ప్రశ్న "మీ మీద దాడి జరిగిందా" అన్నది కాదు. "దాడి జరగకుండా మీరేం మానుకున్నారు" అన్నది. 2023 సర్వేలో 76 శాతం మంది అప్పుడప్పుడైనా తమ యూదు గుర్తింపు దాచుకుంటామన్నారు. 34 శాతం మంది భద్రత లేదనిపించి యూదు కార్యక్రమాలకో, ప్రదేశాలకో పోవడం మానుకుంటున్నామన్నారు. దాచుకోవడమంటే చాలా చిన్న చిన్న పనులు. తల మీద పెట్టుకునే కిప్పా మీద మామూలు క్యాప్ పెట్టుకోవడం. మెడలోని దావీదు నక్షత్రాన్ని చొక్కా లోపలికి తోసేయడం. గుమ్మానికి బయటివైపు బిగించే మెజూజా అనే చిన్న డబ్బాను లోపలి గోడకు మార్చడం. ట్యాక్సీ బుక్ చేసేటప్పుడు ఇంటిపేరు మార్చడం. బస్సులో ఫోన్లో హీబ్రూ మాట్లాడకపోవడం. యూదు బడి యూనిఫాం మీద ఇంకో జాకెట్ వేసి పంపడం.

దాచుకునేవాళ్ళు పెరిగితే దాడులు తగ్గుతాయి, ఎందుకంటే దాడి చేసేవాడికి ఎదుటివాడు యూదుడని తెలియదు. అప్పుడు ఫిర్యాదుల పుస్తకంలో అంకె తగ్గి, ప్రభుత్వం "పరిస్థితి మెరుగైంది" అంటుంది. ఒక దేశంలో ఘటనల లెక్క తగ్గినప్పుడల్లా పక్కనే దాచుకునేవాళ్ళ శాతం చూడండి. అది పెరిగి, ఇది తగ్గితే సంతోషించాల్సింది ఏమీ లేదు. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను. ఇంకో సంగతీ ఉంది. దాచుకోలేనివాళ్ళు కొందరుంటారు. లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ హిల్, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే ఛాందస యూదులు నల్ల కోటు, టోపీ, చెంపల మీద జుట్టు పాయలతో వంద గజాల దూరం నుంచే తెలిసిపోతారు. వీధిలో ఉమ్మడం, తన్నడం, టోపీ లాగేయడం ఎక్కువగా వాళ్ళకే ఎదురవుతాయి. ఆన్‌లైన్ ఫారాలు నింపేవాళ్ళలో మాత్రం వాళ్ళు తక్కువ, ఎందుకంటే చాలామంది ఇంటర్నెట్‌కు దూరంగా ఉంటారు.

ఫిర్యాదు చేయకపోవడం కూడా ఇట్లాంటిదే. 2018 సర్వేలో గత ఐదేళ్ళలో వేధింపులు ఎదుర్కొన్నవాళ్ళలో 79 శాతం మంది, అన్నిటికన్నా తీవ్రమైన ఘటనను కూడా ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేసినా మారేదేమీ లేదన్నది ముందు వరసలో నిలిచిన కారణం. బ్రిటన్‌లో 1994లో ఏర్పడ్డ యూదుల భద్రతా సంస్థ కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది తమవాళ్ళే, పోలీసులతో మాట్లాడేదీ వాళ్ళే. అట్లాంటి ఏర్పాటు ఉన్నచోట అంకె పెద్దగా కనిపిస్తుంది, లేనిచోట చిన్నగా కనిపిస్తుంది. బ్రిటన్ అంకెనూ ఏ చిన్న తూర్పు యూరప్ దేశం అంకెనో పక్కపక్కన పెట్టి ఎక్కడ బతకడం కష్టమో తేల్చలేం. ఒకే దేశంలో, ఒకే సంస్థ, ఒకే పద్ధతిలో లెక్కించిన అంకెలను ఏడాదికి ఏడాది పోల్చడమే పనికొచ్చే పోలిక.

అట్లా పోల్చినప్పుడు, హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన 2023 అక్టోబరు 7 తర్వాత జరిగింది స్పష్టంగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2022లో 1,662 ఘటనలు నమోదైతే 2023లో మొదట ప్రకటించిన లెక్కే 4,103. ఫ్రాన్స్‌లో 436 నుంచి 1,676కు పోయింది. ఆస్ట్రేలియాలో 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదికి 495, తర్వాతి ఏడాదికి 2,062. అమెరికాలో యాంటీ డిఫమేషన్ లీగ్ లెక్క 2022లో 3,700 దగ్గర ఉంటే 2023లో 8,873. ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగాలి. అక్టోబరు 7 తర్వాత ఆ సంస్థ కొన్ని రకాల ఇజ్రాయెల్ వ్యతిరేక ప్రదర్శనల నినాదాలను కూడా లెక్కలో కలిపింది. కాబట్టి పెరుగుదలలో కొంత భాగం పద్ధతి మారడం వల్ల వచ్చింది. ఆ భాగం తీసేసినా పెరుగుదల పెద్దదే.

ఇక్కడే పత్రికలు ఇంకో తప్పు చేశాయి. యూరప్ సంస్థ మూడో సర్వే నివేదిక 2024 జూలైలో వచ్చింది గానీ, జవాబులు తీసుకున్నది 2023 జనవరి నుంచి జూన్ దాకా. అంటే పైన చెప్పిన 96, 76, 34 శాతాలు గాజా యుద్ధానికి ముందువి. నివేదిక తేదీ చూసి "యుద్ధం తర్వాత యూరప్ యూదులు ఇట్లా అన్నారు" అని రాయడం తప్పు. మూడు సర్వేల సగటులను వరసగా పెట్టి గ్రాఫ్ గీయడమూ తప్పే, ఎందుకంటే మొదటి రెండింట్లో ఉన్న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చి మూడోదాంట్లో లేదు. చెకియా, రొమేనియా కొత్తగా చేరాయి.

దేశాల మధ్య తేడాల్లో కొంత భాగం జవాబిచ్చేవాళ్ళ మనసులోని కొలబద్ద వల్ల వస్తుంది. 2018లో ఫ్రాన్స్‌లో 95 శాతం మంది యూదు ద్వేషం తమ దేశంలో పెద్ద సమస్య అన్నారు. ఆ జవాబు వెనక పేర్లున్నాయి. 2006లో "యూదుల దగ్గర డబ్బుంటుంది" అని నమ్మిన ఒక ముఠా ఇలాన్ హలీమీ అనే యువకుణ్ణి ఎత్తుకుపోయి, మూడు వారాలకు పైగా హింసించి చంపింది. 2012 మార్చి 19న తులూజ్‌లో ఒక యూదు బడి ముందు ముగ్గురు పిల్లల్ని, ఒక ఉపాధ్యాయుణ్ణి కాల్చి చంపారు. 2015 జనవరి 9న పారిస్‌లో కోషర్ (యూదు ఆహార నియమాలకు తగిన) సరుకుల దుకాణంలో నలుగురు చనిపోయారు. ఫ్రాన్స్ యూదుల్లో చాలామంది అల్జీరియా, మొరాకో, ట్యునీసియాల నుంచి ఒకసారి ఇల్లు వదిలి వచ్చిన కుటుంబాలవాళ్ళు. రెండోసారి సంచి సర్దుకోవాల్సి వస్తుందేమో అన్న ఆలోచన వాళ్ళకు తండ్రుల నుంచి వచ్చింది.

రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి జర్మనీకి వచ్చిన యూదుల కొలబద్ద వేరు. 1991 తర్వాత కుటుంబ సభ్యులతో కలిపి రెండు లక్షల మందికి పైగా వచ్చారు. సోవియట్ పాలనలో 1932 నుంచి అంతర్గత పాస్‌పోర్టులో జాతి అనే గడి ఉండేది, అందులో "యూదు" అని ఉంటే మంచి విశ్వవిద్యాలయాల్లో, కొన్ని ఉద్యోగాల్లో తలుపు మూసుకునేది. రష్యా ఆ గడిని 1997లో తీసేసింది. అట్లా ప్రభుత్వం చేతిలో దెబ్బతిన్న మనిషికి వీధిలో ఒకడు వేసిన మాట చిన్నదిగా అనిపించొచ్చు. మళ్ళీ అదే ఇంట్లో బెర్లిన్‌లో పుట్టిపెరిగిన కూతురికి ఆ మాట పెద్దదే, ఎందుకంటే ఆమె తనను జర్మన్‌గానే అనుకుంది. 2018 సర్వేలో జర్మనీలో 41 శాతం మంది గత ఏడాదిలో వేధింపు ఎదురైందన్నారు, 12 దేశాల సగటు 28. 2019లో యూదుల పవిత్రమైన ఉపవాస దినం యోమ్ కిప్పూర్ నాడు హాలె పట్టణంలో ఒకడు తుపాకీతో వచ్చి మందిరం తలుపు పగలగొట్టలేకపోయాడు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. బయట ఇద్దరు చనిపోయారు. ఆ తలుపు గట్టిది కాకపోతే ఏమయ్యేదో జర్మనీ యూదులందరికీ తెలుసు.

అర్జెంటీనాలో 1994 జూలై 18న బ్యూనస్ ఎయిర్స్‌లో యూదుల సంఘ భవనాన్ని బాంబుతో కూల్చి 85 మందిని చంపారు. అప్పటి నుంచి అక్కడ యూదు బడులు, క్లబ్బులు, మందిరాల ముందు కాంక్రీటు దిమ్మెలు వరసగా నాటి ఉంటాయి. ఏ భవనం యూదులదో ఆ దిమ్మెలే చెప్తాయి. ఇరాన్‌లో కొన్ని వేల మంది యూదులున్నారు, పార్లమెంటులో వాళ్ళకొక సీటు కూడా ఉంది. అక్కడ ఇట్లాంటి సర్వే పెట్టి నిజం రాబట్టడం సాధ్యం కాదు. పట్టికలో ఆ దేశం లేదంటే అర్థం అది.

ఎవరు వేధించారు అన్న ప్రశ్నకు 2018లో వచ్చిన జవాబులు అందరూ తమకు కావలసినంత మేరకే వాడుకుంటున్నారు. 31 శాతం మంది "తెలియనివాళ్ళు" అన్నారు. 30 శాతం తీవ్ర ఇస్లామిక్ భావాలున్నవాళ్ళు, 21 శాతం వామపక్ష భావాలవాళ్ళు, 13 శాతం కుడిపక్ష భావాలవాళ్ళు అన్నారు. ఒకరు ఒకటికన్నా ఎక్కువ చెప్పొచ్చు. పోలండ్‌లో మాత్రం కుడిపక్ష భావాలవాళ్ళ వాటా చాలా ఎక్కువ. కాబట్టి ఈ ద్వేషానికి ఒక్క మతమో, ఒక్క పార్టీయో కారణమని చెప్పే ఏ వ్యాసాన్నీ నమ్మకండి.

ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శిస్తే యూదు ద్వేషమా అన్న ప్రశ్న కూడా యూదులనే అడిగారు. ఒక యూదేతరుడు ఇజ్రాయెల్‌ను విమర్శించడం దానంతటదే ద్వేషం అన్నవాళ్ళు సగం కూడా లేరు. నాజీలు యూదుల్ని చంపిన సంగతి కట్టుకథ అనడం ద్వేషమని దాదాపు అందరూ అన్నారు. మన దగ్గర ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు ఇజ్రాయెల్ సైన్యాన్ని పొగిడితే యూదుల్ని గౌరవించినట్టే అనుకుంటుంది. ఇంకో జట్టు గాజాలో చనిపోయిన పిల్లల కోసం బాధపడుతూ, మాంచెస్టర్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న యూదుణ్ణి నిలదీయవచ్చు అనుకుంటుంది. ఆ పిల్లల కోసం బాధపడటం న్యాయమే. ఒక దేశ ప్రభుత్వం చేసిన పనికి ఇంకో ఖండంలో బడికి పోయే యూదు పిల్ల జవాబు చెప్పాలనడం మాత్రం ఏ న్యాయానికీ అందదు.

వలస ప్రశ్న పాలమూరు వాళ్ళు బాగా చదవగలరు. 2018లో 38 శాతం మంది, భద్రత లేక దేశం వదిలిపోవాలని గత ఐదేళ్ళలో ఆలోచించామన్నారు. పోయినవాళ్ళు అందులో ఎంతమంది? ఫ్రాన్స్ నుంచి ఇజ్రాయెల్‌కు ఎక్కువ మంది పోయిన ఏడాదుల్లో ఒకటైన 2015లో కూడా ఏడు వేల పైచిలుకే, ఆ దేశ యూదుల్లో వందకు ఇద్దరు కూడా కాదు. ముసలి తల్లిదండ్రులు, పిల్లల చదువు, చెల్లని డిగ్రీ, రాని భాష కాలికి అడ్డం పడతాయి. దానికన్నా ఎక్కువగా జరిగింది ఊళ్ళోనే జరిగే వలస. పారిస్ ఉత్తర శివారు సెన్-సాన్-దెనీ నుంచి నగరం పడమటి పేటలకు ఇళ్ళు మార్చుకున్నారు. దేశం దాటలేదు కాబట్టి ఏ వలస లెక్కలోనూ వాళ్ళు లేరు.

భారతదేశంలో యూదు ద్వేషం లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. కొంకణ్‌లో నూనె గానుగలు ఆడించి శనివారం పని మానేసే బెనె ఇజ్రాయెల్ కుటుంబాలు, 1568లో మందిరం కట్టుకున్న కొచ్చి యూదులు ఇరుగుపొరుగు చేతిలో హింస పడలేదని వాళ్ళే చెప్తారు. అది చాలావరకు నిజం. 1560లో పోర్చుగీసువాళ్ళు గోవాలో పెట్టిన మత విచారణ సభ మొదట వెంటాడింది యూదు మూలాలున్న కొత్త క్రైస్తవులనే, అదీ నిజమే. 2008 నవంబరులో ముంబయి కొలాబాలోని నారిమన్ హౌస్‌ను ఎంచుకొని వచ్చి ఆరుగురిని చంపినవాళ్ళు వాళ్ళను చంపింది యూదులు కావడం వల్లే. తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు 1990ల మొదట్లో మందిరం పెట్టుకున్నాయి. మాదిగ నేపథ్యం ఉన్న ఆ కుటుంబాలను యూరప్ ఫారంతో అడిగితే జవాబు సరిగా రాదు. వాళ్ళకు ఎదురైన అవమానం కులం వల్ల వచ్చిందా, మతం వల్ల వచ్చిందా అని విడదీసే గడి అందులో లేదు.

మన పల్లెల్లో యూదులు అనే మాట చాలామంది మొదట వినేది చర్చిలో, శుభశుక్రవారం నాడు. క్రీస్తు మరణానికి అప్పటి యూదులందరినీ గానీ, ఇప్పటి యూదులను గానీ బాధ్యుల్ని చేయకూడదని రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. నల్గొండ మేత్రాసనం పరిధిలో శిలువమార్గం నాటకాలు వేయించే ఉపదేశులు ఆ ప్రకటనలోని ఆ మాటలు నాటకానికి ముందు చదివిస్తే చాలా మేలు.

మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో దీని మీద ప్రాజెక్టు రాసేవాళ్ళకు యూరప్ సంస్థ వెబ్‌సైట్‌లో దేశాలవారీ పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. ముందు ఆ దేశం నుంచి ఎంతమంది జవాబిచ్చారో రాసుకోండి. రెండు మూడు వందల మందే ఉంటే నాలుగైదు శాతం తేడాను తేడాగా రాయొద్దు. ప్రశ్న 12 నెలల గురించా, 5 ఏళ్ళ గురించా చూడండి. జనం పాత ఘటనను కూడా ఈ ఏడాదిదిగానే గుర్తుంచుకుంటారు, కాబట్టి 12 నెలల అంకె కొంచెం ఉబ్బి ఉంటుంది. తర్వాత దాచుకోవడం, మానుకోవడం, ఫిర్యాదు చేయకపోవడం అనే మూడు పట్టికలు తీసి ఒకే కాగితం మీద పక్కపక్కన వేయండి. దాడుల పట్టిక వాటి తర్వాతే తెరవండి.